నాలుగో గవి జల్లెడ పేజీ

కిందికి దిగిన ముప్పై రెండో ఏడు, రోజు 141

ఈ రోజు నుంచి లెక్క రాయమన్నాడు లింగమయ్య మామ. ఆయన ఊరికి పెద్ద, నేను గోడ చూసుకునేదాన్ని. గోడ దగ్గరికి ఎంతమంది వస్తున్నారు, ఏం వెతుకుతున్నారు, ఎంతమంది దొరక్క వెనక్కి పోతున్నారు, అంతవరకే రాయమన్నాడు. నా నోరూ నా చేయీ అంతవరకే ఆగే రకం కాదని ఆయనకూ తెలుసు.

వచ్చినవాళ్ళు తొంభై ఆరు మంది. వట్టిచేతులతో పోయినవాళ్ళు ముప్పై ఎనిమిది.

పొద్దున్నే తడిగుడ్డతో గోడ తుడిచాను. గోడంటే ఆరు గవుల మనుషులూ వచ్చి తాకి వెతుక్కునే తెరలు. వేలిముద్రలు, నూనె, పిండి, ఒకచోట ఏకంగా పచ్చడి. పైన ఎండకు మనిషి నిలవలేక ఈ పాత నాపరాళ్ళ గనిలోకి దిగి, దీని గుహలనే గవులని పిలుచుకుంటూ బతకబట్టి ఇది ముప్పై రెండో ఏడు. గాలి ఎలా తెచ్చుకోవాలి, నీళ్ళు ఎలా దాచుకోవాలి, చీకట్లో తమలపాకు తీగ ఎలా పెంచాలి, అన్నీ తలా ఒకరం నేర్చుకుని గోడకు చెప్పుకున్నాం. ఉంది, అంతా ఉంది. దొరకడమే లేదు.

రోజు 144

వచ్చినవాళ్ళు ఎనభై. వట్టిచేతులతో ముప్పై మూడు.

ఓబులక్క వచ్చి "మా చిన్నోడు" అని వెతికింది. గోడ ఆమెకు పుట్టుకల నమోదు పేజీ చూపించింది. తీరా కనుక్కుంటే పిల్లాడికి చెవిపోటు.

"చెవిపోటు అని రాయాల గదక్కా," అన్నాను.

"పోటు నాకు గాదు గదే సుంకులా, వానికి గదా!" అని నన్నే గదమాయించింది.

ఆమెను నవ్వి పంపించాను గానీ తర్వాత ఆలోచిస్తే తప్పు ఆమెది కాదనిపించింది. పెద్దలు కూర్చుని పెట్టిన శీర్షిక "మౌలిక వసతుల నిర్వహణ". దాన్ని ఈ నాలుగు రోజుల్లో ఒక్కరూ ముట్టలేదు. "మెట్లకాడ నీళ్ళు కారతాండాయి" అని మాత్రం తొమ్మిది మంది వెతికారు. "ఇతరములు" అనే దానిలో నాలుగు వందల పన్నెండు పేజీలు పడి ఉన్నాయి. ఎక్కడ పెట్టాలో తోచని ప్రతిదాన్నీ అందులోకి తోసిన బద్ధకస్తులు కొందరున్నారు. వాళ్ళలో మొదటిదాన్ని నేనే.

మా వాళ్ళు అసలు విషయం పేరుతో వెతకరు, మనిషి పేరుతో వెతుకుతారు. పంపు చెడితే దస్తగిరి. పుట్టగొడుగులకు బూజు పడితే కాశమ్మ. పేజీ తెరవగానే ఆ మనిషి ముఖం కనిపిస్తుంది, గొంతు వినిపిస్తుంది. "కూర్చో, చెప్తా" అని మొదలుపెడతారు. ఆ పద్ధతి మనుషులు బతికున్నంత కాలం బాగానే నడిచింది.

రోజు 150

ఈ రోజు పరదాలు లెక్కపెట్టాను. అరవై మూడు.

పరదా గురించి తర్వాత చదివేవాళ్ళ కోసం రాస్తున్నాను. మొదటి ఏళ్ళలో ఒకటో గవిలో కప్పు కూలి పంతొమ్మిది మంది పోయారు. ఎవరో ఏదో వెతుక్కుంటూ పేజీ తెరిస్తే నీళ్ళ వరుసలో నిలబడ్డ పిల్లలకు చనిపోయిన నాయన గొంతు వినిపించేది. ఒక బిడ్డ మూడు రోజులు గోడకింద కూర్చుని అన్నం ముట్టలేదట. అప్పుడు పెట్టుకున్న కట్టుబాటు ఇది. మనిషి పోతే ఏడాది తిరిగేదాకా ఆ మనిషి పేజీ మీద పరదా వేస్తాం. ఏడాది తర్వాతైనా ఇంటివాళ్ళు వచ్చి ఒప్పుకుంటేనే తీస్తాం. ఒప్పుకోవడానికి ఎవరూ రారు. గొంతు వినే ధైర్యం ఎవరికుంటుంది?

పోయిన జ్వరాల్లో పదకొండు మంది పోయారు. పదకొండు పరదాలు పడ్డాయి. అందులో ఒకటి మా ఇంటిది. మద్దిలేటి, నా మొగుడు. నాలుగో గవికి గాలి ఆడేలా చూసేవాడు. ఇరవై రెండేళ్ళ కాపురం. ఆ పరదా నా చేత్తోనే వేశాను.

రోజు 158

గోడ ముందు పంచాయితీ జరిగింది. వట్టిచేతుల లెక్క చదివి వినిపించాను. తర్వాత అడగదలుచుకున్నది అడిగాను. పరదాల వెనకున్న మాటల్లోంచి పనికొచ్చే సంగతి మాత్రం తీసి, జనం వెతికే మాటల కిందే పెడతాను. నీళ్ళు, గాలి, ఒళ్ళు, పంట. ఒక్కో పనికి ఒక్కో పేజీ. మొదట ఇది చేయి, తర్వాత అది చేయి, అంతే.

లింగమయ్య మామ చాలాసేపు గడ్డం గోక్కున్నాడు.

"గొంతు వినపడగూడదు. పేరు కనపడగూడదు. ఇంటోళ్ళ మనసు నొవ్వగూడదు. అట్లయితే చెయ్యి," అన్నాడు.

ఇంటివాళ్ళంతా ఒక్కొక్కరే వచ్చి వేలిముద్ర వేశారు. కాశమ్మ చెల్లెలు ఏడుస్తూ వేసింది. "నీదో?" అని ఎవరూ నన్ను అడగలేదు. అడిగి ఉంటే రెండు రోజులు ఆగమనేదాన్ని.

రోజు 167

వచ్చినవాళ్ళు నూటరెండు. వట్టిచేతులతో పంతొమ్మిది.

నలభై పరదాల పని అయింది. ఇది ఎంత సులువైన పనో అంత పాపపు పని. మనుషులు ఏ మాటా తిన్నగా చెప్పరు. కాశమ్మ బూజు మందు చెప్తూ మధ్యలో తోడికోడలిని తిట్టింది. ఇంకొకాయన నీళ్ళతొట్టి పగులు పూడ్చడం చెప్తూ పైన చూసిన చివరి వాన గురించి పావుగంట చెప్పాడు. అన్నీ కత్తిరించాను. వాన మాట కత్తిరించే ముందు మళ్ళీ మొదటి నుంచి విన్నాను. అయినా కత్తిరించాను. తొట్టి కారుతుంటే పరుగెత్తుకొచ్చినవాడికి వాన ఎందుకు?

రోజు 171

దస్తగిరి వచ్చాడు. పంపులు చూస్తాడు. మద్దిలేటికి ప్రాణస్నేహితుడు. మద్దిలేటి పోయాక గాలి పని కూడా ఆయన నెత్తినే వేశారు.

"వదినా, నాలుగో గవిలో పిల్లోళ్ళు పట్టపగలే తూగుతాండారు. ఆడోళ్ళకు ఒకటే తలకాయనొప్పి. గాలిగుంత అడుగున దుమ్ము పట్టే జల్లెడ మూసుకపోయింది, కడగాల. అట్లాంటిది ఈ గవికి ఒక్కదానికే ఉండాది. నాకు పంపులు తెలుసు గానీ దాని సంగతి తెల్దు. మద్దిలేటి ఒక్కడే దిగేటోడు, ఎవురినీ రానిచ్చేటోడు కాదు."

నేను తెర తుడుస్తూనే ఉన్నాను.

"అరవై రెండు మంది ఉండారు ఆడ. కడగకపోతే గవి ఖాళీ చెయ్యాల," అన్నాడు నేల చూస్తూ. మద్దిలేటి పేజీ తెరవమని నోరు తెరిచి అడగలేకపోయాడు పాపం.

"రేపటికి పేజీ పెడతాలే, పో," అన్నాను.

రోజు 172

పరదా తీశాను.

నలభై ఒక్క నిమిషాలు మాట్లాడాడు. ముఖం చూడలేక తెర మీద గుడ్డ కప్పి విన్నాను. మనిషి పోయి ఆరు నెలలు దాటినా గొంతులో ఆ వెటకారం అలాగే ఉంది. వింటూ వింటూ ఏడ్చాను, ఏడుస్తూనే పని చేశాను. నలభై ఒక్క నిమిషాలను ఏడు వాక్యాలు చేశాను.

ఒకటి, ఫ్యాను ఆపు. రెండు, గుంత మూత తీయి. మూడు, పక్క తలుపు తెరువు. నాలుగు, నిచ్చెన దించు. ఐదు, దిగి జల్లెడను బ్రష్‌తో కడుగు. ఆరు, పైకి వచ్చి తలుపూ మూతా మూయి. ఏడు, ఫ్యాను వేయి.

తీసేసిన వాటిలో ఒక తునక మాత్రం పారేయలేకపోయాను. మూడుకూ నాలుగుకూ మధ్య ఉంది అది.

"పక్క తలుపు తెరిచినాక ఆ బండ మీద కూర్చుంటా. ఆకు వేసుకుంటా. మా సుంకి కట్టిచ్చిన ఆకే. సున్నం తగలేస్తాది ఆయమ్మ, నోరంతా మంట. చెప్తే కోపం. ఏం జేద్దాం, నమలాల్సిందే. నమిలి, ఊసి, నోరు కడుక్కున్యాక నిచ్చెన దించుతా."

చివర నవ్వాడు. ఊరంతా ఆకు నములుతుంది, అది చెప్పాల్సిన సంగతి ఏముంది? పైగా అది నా మాట, మా ఇంటి మాట. గోడ మీద ఎందుకు? దాన్ని మాటలు దాచుకుని వినే నా చిన్న పెట్టెలోకి తీసి పెట్టుకున్నాను.

రోజు 173

దస్తగిరి పేజీ చూసి పొంగిపోయాడు.

"ఏడే మాటలు! మద్దిలేటి అయితే ఏడు గంటలు చెప్పేటోడు గదా వదినా!"

నవ్వుకున్నాం ఇద్దరం. మద్దిలేటి పోయాక ఆయన పేరు మీద నవ్వడం అదే మొదలు. ఫ్యాను ఆపాలంటే గవిలో మనుషుల్ని ఒక పూట బయట పెట్టాలి, కొత్త నిచ్చెన కట్టాలి. 201వ రోజుకు పెట్టుకున్నారు. అంతదాకా పిల్లల్ని పక్క గవుల్లో పడుకోబెడతారు.

రోజు 190

వచ్చినవాళ్ళు నూటపది. వట్టిచేతులతో తొమ్మిది. తొమ్మిదే!

లింగమయ్య మామ అందరి ముందూ మెచ్చుకున్నాడు. ఓబులక్క ఈసారి "చెవి" అని వెతికి, దొరికిందని నాకు గుప్పెడు వక్కలు తెచ్చిచ్చింది. గర్వంగా ఉంది, ఎందుకు దాచాలి? ఆ తునక రోజూ వింటున్నాను. పని ముగించి పడుకోబోయే ముందు ఒకసారి. ఇప్పుడు ఏడుపు రావడం లేదు. సున్నం అంత ఎక్కువ పెట్టేదాన్నా అని అనుమానం వస్తోంది.

రోజు 201

దస్తగిరి చనిపోయాడు.

రోజు 202

నిన్న రాయలేకపోయాను.

ఫ్యాను ఆపారు. మూత తీశారు. పక్క తలుపు తెరిచారు. నిచ్చెన దించారు. గుంత రెండు నిలువుల లోతు. దస్తగిరి సగం దిగాడో లేదో చేతులు వదిలేశాడట. మాట లేదు, అరుపు లేదు. గుంత పైన తోడుగా నిలబడ్డ ఇద్దరిలో ఒకడు దిగబోతే రెండోవాడు నడుం పట్టుకుని లాగాడు. ఫ్యాను వేసి, కొక్కేలతో పైకి తీసేసరికి అంతా అయిపోయింది.

ఈ తెల్లవారుజామున, పొద్దు పొడవకముందే పైకి తీసుకెళ్ళి మట్టి ఇచ్చారు. ఆయన భార్య హుసేనమ్మ మెట్ల దగ్గరే ఆగిపోయింది. వాళ్ళలో ఆడవాళ్ళు మట్టికి రారు. ఆమె పక్కన నిలబడ్డాను. నా చేయి పట్టుకుంది.

మధ్యాహ్నం లింగమయ్య మామ పేజీ తెరిపించి, పైనున్న ఇద్దరితో ఒక్కో వాక్యం సరిచూశాడు. అన్నీ రాసినట్టే చేశారు. ఎక్కడా తప్పలేదు. "పేజీలో తప్పులేదు పాపా, ఆయప్ప గుండె ఆగిండాది," అని నా తల నిమిరాడు. నాలుగో గవి వాళ్ళను మూడులోకీ ఐదులోకీ సర్దారు.

నాకూ అదే నమ్మాలని ఉంది. కానీ దస్తగిరి గుండె ఎప్పుడూ నొవ్వలేదు. రోజుకు నాలుగుసార్లు పంపుల మెట్లు ఎక్కి దిగే మనిషి.

రోజు 203

పడుకోబోయే ముందు అలవాటుగా ఆ తునక పెట్టుకున్నాను. ఓదార్పు కోసమే పెట్టుకున్నాను, ఆ సంగతి దాచను.

"నమిలి, ఊసి, నోరు కడుక్కున్యాక నిచ్చెన దించుతా."

లేచి కూర్చున్నాను. మళ్ళీ పెట్టాను. మళ్ళీ.

ఫ్యాను ఆగితే గుంతలో చెడ్డగాలి నిలుస్తుంది. పక్క తలుపులోంచి వచ్చే గాలి మెల్లగా దాన్ని తోసేయాలి. దానికి కాస్త సేపు కావాలి. ఆ సేపంతా మద్దిలేటి బండ మీద కూర్చుని ఆకు నమిలాడు. ఎందుకు కూర్చుంటున్నాడో ఆయనకు తెలుసో తెలియదో, చెప్పలేదు. ఆయనకు నేర్పినవాడూ అలాగే కూర్చుని ఉంటాడు. చెప్పాల్సిన పద్ధతిలో చెప్పలేదని మొగుడి మీద కోపం వచ్చింది. కానీ ఆయన చెప్పాడు. ఏ వరుసలో ఏం చేస్తాడో అదే వరుసలో చెప్పాడు. తీసేసింది నేను. తీసేసి, పెట్టెలో పెట్టుకుని, ముప్పై రోజులు రోజుకోసారి విని నవ్వుకున్నాను.

దస్తగిరిని నేను చంపాను.

రోజు 204

హుసేనమ్మ ఇంటికి వెళ్ళాను. మొగుడు పోయిన ఆడమనిషి నాలుగు నెలలు గడప దాటకూడదని వాళ్ళ ఆచారం. మూలన కూర్చుని ఆయన పంపుల సామాను గుడ్డతో తుడుస్తోంది. నన్ను చూసి జరిగి చోటిచ్చింది. కూర్చోలేదు నేను. నిలబడే చెప్పేశాను.

తుడవడం ఆపింది.

"ఆ మాట నీకాడ ఎన్నాళ్ళుండాది?"

"ముప్పై రెండు దినాలు."

"వినిపించు."

పెట్టె తెరిచి వినిపించాను. మద్దిలేటి నవ్వు కూడా పూర్తిగా విన్నది. తిడుతుందని చూశాను. తిడితే బాగుండేది.

"మా ఆయప్ప ఆకు వేసుకోడు. పండ్లు ఎర్రగయితాయని," అంది చివరికి. "కూర్చోమని రాసింటే కూర్చునేటోడు అక్కా. రాసింది రాసినట్టు జేసే మనిషి. నీ రాత అంటే శానా నమ్మకం ఆయప్పకు."

ఆమె మళ్ళీ గుడ్డ తీసుకుని సామాను తుడవడం మొదలుపెట్టింది. పెట్టె మూసుకుని ఇంటికి వచ్చాను.

రోజు 206

లింగమయ్య మామకు అంతా చెప్పాను. నమ్మలేదు. నమ్మాక, బయట పెట్టవద్దన్నాడు.

"పేజీ సరిదిద్దు, సరిపోతాది. నీ పేరు ఎందుకు తెచ్చుకుంటావు? రేపు జనం ఏ పేజీనీ నమ్మరు. మళ్ళీ వట్టిచేతులతో పోతారు."

"మామా, ఆ పేజీ ఎవురు రాసినారని రేపు ఎవురన్నా వెతికితే గోడ మీద ఏముండాది? ఎవురి పేరూ లేదు. అడగడానికి ఒక మనిషన్నా ఉండాల గదా," అన్నాను.

ఆయన మాట వినలేదు నేను. ఇరవై ఏళ్ళలో ఇదే మొదటిసారి. జల్లెడ పేజీ పైన ఇలా రాశాను: "ఈ పేజీ రాసింది ఆరో గవి సుంకులమ్మ. మద్దిలేటి చెప్పిన దానిలో ఒక మాట తీసేసి రాసింది. దీన్ని నమ్మి దస్తగిరి చనిపోయాడు. తీసేసిన మాట కింద ఉంది." కింద మద్దిలేటి గొంతు పెట్టాను, సున్నం మాటా నవ్వూ ఏదీ కోయకుండా. ఏడాది తిరగలేదు. పరదా కట్టుబాటు నేనే తప్పాను.

మిగిలిన అరవై రెండు పేజీల నుంచి కత్తిరించిన మాటలు కూడా తిరిగి తెస్తున్నాను. ఇంటివాళ్ళను మళ్ళీ అడగాలి. పనికొచ్చే నాలుగు మాటలు పైన ఉంటాయి. పరుగెత్తుకొచ్చినవాడు అవి చూసుకుంటాడు. ఆ మనిషి మొత్తం మాట కింద ఉంటుంది. ఏది పనికిరాదో ఇక నేను తేల్చను.

వచ్చినవాళ్ళు పన్నెండు మంది. వెతికినవాళ్ళు ఎవరూ లేరు. అందరూ జల్లెడ పేజీ చూసి, నా వంక చూసి వెళ్ళిపోయారు.

రోజు 209

జల్లెడ కడగాలి. దిగడానికి ఎవరూ ముందుకు రాలేదు. నేను దిగుతానన్నాను. ఎవరూ వద్దనలేదు.

"కాస్త సేపు" అని రాస్తే చాలదు. ఆకు నమిలినంత సేపు అన్నా చాలదు, నమలని మనిషీ ఉంటాడు. ఎంతసేపో కొలిచి రాయాలి. నూనెదీపం, తాడు, గడియారం పట్టుకుని వెళ్ళాను. నాలుగో గవి ఖాళీగా ఉంది. పిల్లలు గోడల మీద సుద్దతో గీసుకున్న బొమ్మలు అలాగే ఉన్నాయి.

బండ మీద అప్పటికే ఒక మనిషి కూర్చుని ఉంది. హుసేనమ్మ. గడప దాటి వచ్చింది. ఎవరు పంపారనీ ఎందుకొచ్చావనీ నేను అడగలేదు. నాకు చోటిచ్చింది. ఈసారి కూర్చున్నాను.

గుంత అంచున తాళ్ళు పట్టుకుని ఇద్దరు నిలబడ్డారు. ఫ్యాను ఆపారు. మూత తీశారు. పక్క తలుపు తెరిచారు. దీపం దించాను. సగం లోతులో ఆరిపోయింది. దస్తగిరి చేతులు వదిలింది అక్కడే.

పైకి లాగి వెలిగించి మళ్ళీ దించాను. ఆరింది. నిమిషానికోసారి అదే పని. మూడో నిమిషం, ఆరింది. ఐదో నిమిషం, ఇంకాస్త కిందికి పోయి ఆరింది. ఎనిమిదో నిమిషం, అడుగుకు చేరబోతూ ఆరింది. హుసేనమ్మ కళ్ళు దీపం మీదే ఉన్నాయి. కొంగు నోట్లో కుక్కుకుంది. నా చేతిలో అగ్గిపుల్ల విరిగిపోతే తనే తీసుకుని వెలిగించి ఇచ్చింది.

పదకొండో నిమిషం దీపం అడుగున నిలబడింది. ఆరలేదు. జల్లెడ మీద పేరుకున్న ఎర్రటి దుమ్ము కూడా కనిపించింది.

ఇద్దరం వంగి దాన్నే చూస్తున్నాం.

"పదకొండు నిమిషాలు, ఇంతేనా అక్కా?" అంది హుసేనమ్మ.

"ఇంతే," అన్నాను.